గన్‌మెటల్ బుష్ కోసం కోయంబత్తూరు దాకా

బుధవారం: విజయవాడ నుంచి నెల్లూరు

ఫియెట్‌తో హైవే ఎక్కితే ముందుగా తెలిసొచ్చేది, రోడ్డు మీద అందరికీ మనకన్నా తొందరెక్కువని. మా బండికి గంటకు 60 అంటే హాయి, 65 అంటే సరదా. అంతకు మించి తొక్కితే ఇంజిన్ ఊరుకుంటుంది గానీ డోర్లు ఊరుకోవు. ఎడమ లేన్ పట్టుకుని, గడ్డి ట్రాక్టర్లను మాత్రం ఓవర్‌టేక్ చేస్తూ తెల్లవారేసరికి గుంటూరు దాటాం.

బండి 1986 మోడల్ ప్రీమియర్ పద్మిని. ఆర్.సి. కాగితంలో తప్ప మా వైపు ఎవరూ దాన్ని పద్మిని అనరు, ఫియెట్ అనే అంటారు. తప్పు కూడా కాదు. ఇటలీ ఫియెట్ 1100నే 1964 నుంచి బొంబాయి కుర్లాలో ‘డిలైట్’ అని తయారుచేశారు. తర్వాత కొన్నాళ్లు అది ‘ప్రెసిడెంట్’, ఆ తర్వాత ‘పద్మిని’. పేర్లు మారాయి గానీ బండి పెద్దగా మారలేదు. 1089 సీసీ ఇంజిన్, వెనక చక్రాలకు పవర్, స్టీరింగ్ పక్కనే గేరు. ముందు డోర్లలో తిప్పి తెరిచే ఆ మూడుమూలల చిన్న అద్దం ఉంది చూశారూ, అది సరిగ్గా తిప్పుకుంటే ఏసీ లేని లోటు ఉదయం పది దాకా తెలియదు.

ఆ స్టీరింగ్ గేరే మమ్మల్ని ఇంత దూరం తిప్పింది. లివర్ నుంచి గేర్‌బాక్స్ దాకా రాడ్లు ఉంటాయి, వాటి కీళ్లలో చిన్న గొట్టం ముక్కల్లాంటి బుష్షులు. అవి అరిగితే లివర్ వదులై, రెండో గేరుకీ మూడో గేరుకీ మధ్య లాకైపోతుంది. అప్పుడు దిగి, బానెట్ ఎత్తి, రాడ్లను చేత్తో కదిపి న్యూట్రల్‌కి తేవాలి. విజయవాడ ఆటోనగర్‌లో లేత్‌లకు కొదవేమీ లేదు. కానీ గుండ్రం పోయిన బుష్షు చేతిలో పెట్టి, ఇలాంటిదే కొత్తది చెయ్యి అంటే ఎవరైనా ఏ కొలతకు చేస్తారు? అరగని నమూనా చెన్నై పుదుపేటలో వెతుక్కోమనీ, కోయంబత్తూరులో ఒక లేత్ పెద్దాయన ఒకప్పుడు ఇవే బుష్షులు చేసేవాడనీ మా మేస్త్రి గారు దారి చెప్పారు. కోయంబత్తూరులో కార్ల మ్యూజియం కూడా ఉంది కదా అని మా బావమరిది బయల్దేరాడు.

వాడి మంత్రం ఒకటే. “బావా, దీనికి 118ఎన్ఈ ఇంజిన్ వేసేద్దాం.” ప్రీమియర్ వాళ్లదే ఆ కారు, 1985లో వచ్చింది. ఇంజిన్ నిస్సాన్ వాళ్లది, 1171 సీసీ. బలమైనదే, కాదనను. ఇంజిన్ మారిస్తే ఆర్.సి.లో నంబరు మార్పించుకోవాలి, దానికి ఆర్టీవో అనుమతి, మళ్లీ కాగితాలు, మళ్లీ టెన్షన్. అసలే 20 ఏళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టు నుంచి 10,000 రూపాయలు చేశారు. కానీ నా అభ్యంతరం కాగితాల గురించి కాదు. రోడ్డు పక్కన ఎవరో ఒకరు బాగుచేయగలిగేంత వరకే బండిని మార్చాలని నా పట్టుదల. అందుకే డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టించాను, హెడ్‌లైట్లకు రిలేలు, బ్రేకుకు బూస్టర్, ముందు సీట్లకు బెల్టులు. ఇవన్నీ రేపు కావాలంటే విప్పేసి పాతవి బిగించుకోవచ్చు. ఈ వాదన ఒంగోలు దాకా సాగింది. ఒంగోలులో నెయ్యి ఇడ్లీ, పల్లీ చట్నీ వచ్చాక ఆగింది. ఇద్దరికీ 140 రూపాయలు.

కావలి దగ్గరకొచ్చేసరికి పన్నెండు. శివరాత్రి వెళ్లి చలి శివశివా అంటూ ఎప్పుడో పోయింది, ఎండ చుర్రుమంటోంది. టోల్ గేటు క్యూలో కాసేపు నిలబడి బయటపడ్డామో లేదో ఇంజిన్ దగ్గి ఆగిపోయింది. కార్బొరేటర్‌లో పెట్రోలు లేదు. ట్యాంకులో సగం పైనే ఉంది. అంటే పైపులో పెట్రోలు వేడికి ఆవిరై కూర్చుంది. పాత బండ్లలో పెట్రోలు పంపు ఇంజిన్‌నే అంటిపెట్టుకుని ఉంటుంది. ఇంజిన్ తిరిగితేనే అదీ పనిచేస్తుంది. పైపులో ఆవిరి చేరితే దాన్ని పంపు నెట్టలేదు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది పాత రబ్బరును తినేస్తుందని పైపులు, పంపు డయాఫ్రమ్ ముందే మార్పించాను. కానీ ఎండను మార్పించలేం కదా.

దీనికి మందు అందరికీ తెలిసిందే, తడిగుడ్డ. తువ్వాలు తడిపి పంపు మీద వేసి, వేపచెట్టు కింద నిలబడ్డాం. నిమ్మసోడా బండి అతను ఐసు నీళ్లు ఒక మగ్గు ఇచ్చి, “ఎంతకిస్తారు?” అని అడిగాడు. నీళ్లకు మేం ఎంతిస్తామని అడుగుతున్నాడేమో అనుకున్నాను. కాదు, కారును ఎంతకు అమ్ముతామని. నెల్లూరు చేరేలోపు ఇదే ప్రశ్న బంకు కుర్రాడూ అడిగాడు, లాడ్జి మేనేజరూ అడిగాడు.

రాత్రి నెల్లూరులో మెస్సు భోజనం. చేపల పులుసు మామిడికాయ ముక్కతో, పొద్దున వండింది. పులుసు పూటమారితేనే రుచి అని వడ్డించే ఆమె గట్టిగా చెప్పింది. చేప ముక్క అయిపోయాక కూడా గిన్నె అక్కడే పెట్టి, “పులుసుతో ఇంకో రెండు ముద్దలు తినండి” అని అన్నం వేస్తూనే ఉంది. ఒక్కొక్కరికి 220. నెల్లూరులో భోజనం దగ్గర చాలు అనే మాటకు విలువ లేదు.

గురువారం: పుదుపేట

గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట చల్లపూటే దాటేశాం. తడ దాటి ఆరంబాక్కంలో ట్యాంకు నింపించాను. తమిళనాడులో పెట్రోలు మన దగ్గరకన్నా లీటరుకు ఏడెనిమిది రూపాయలు తక్కువ. లీటరుకు పదమూడు కిలోమీటర్లిచ్చే బండి ఉన్నవాడికి ఇలాంటి లెక్కలు కంఠతా ఉంటాయి.

ఎగ్మూరు దగ్గర సిగ్నల్ పడింది. పచ్చ లైటు వచ్చింది, గేరు రాలేదు. లాక్. వెనక హారన్ల మోత. నేను దిగేలోపే పక్క ఆటో డ్రైవర్ దిగి వచ్చి, “లింకేజా?” అన్నాడు. బానెట్ తనే ఎత్తాడు, రెండు చేతులూ లోపల పెట్టి టక్కున కదిపాడు, మూసేసి వెళ్లి తన ఆటోలో కూర్చున్నాడు. థ్యాంక్స్ చెప్పే టైము కూడా ఇవ్వలేదు. ఈ హడావుడిలో ఎడమకు తిరగాల్సిన చోట నేరుగా వెళ్లి, కూవం నదికి అవతలి ఒడ్డున తేలాం. మళ్లీ ఇవతలికి రావడానికి వన్‌వేలన్నీ తిరిగేసరికి ముప్పావుగంట, ఆ వాసన అదనం.

పుదుపేటలో బండి ఆపి టీ తాగి వస్తే, నీ చక్రాలు నీకే అమ్ముతారని చెన్నైలో పాత జోకు ఒకటి ఉంది. జోకే అయినా మేం బండిని దూరంగా డబ్బు కట్టే పార్కింగులో పెట్టి నడిచి వెళ్లాం. సందులన్నీ విడిభాగాలే. ఒక కొట్టులో హెడ్‌లైట్లు తప్ప ఇంకేమీ ఉండవు, ఇంకోదాంట్లో డోర్లే, మరోదాంట్లో డ్యాష్‌బోర్డులు పైకప్పు దాకా పేర్చి ఉంటాయి. ఫియెట్ సామాను అనగానే కుర్రాళ్లు తలలు అడ్డంగా ఊపారు. వాళ్లకు మారుతి 800 కూడా పురాతనమే. నాలుగో సందులో లుంగీ కట్టుకుని పేపరు చదువుతున్న పెద్దాయన దగ్గరికి పంపారు.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న, “ఇంజిన్ ఒరిజినలా?” అవునన్నాను. అప్పుడు లేచాడు. బావమరిది ముఖం చూడాల్సింది.

అటక మీద నుంచి స్టీరింగ్ కాలమ్ ఒకటి దింపించాడు. గేరు రాడ్లతో సహా ఉంది, గ్రీజు గట్టిపడి నల్లగా. బొంబాయి ట్యాక్సీలు తుక్కుకు పోతున్న రోజుల్లో లారీ లోడుగా తెప్పించుకున్నవాటిలో మిగిలిందట. బొంబాయిలో చివరి పద్మిని ట్యాక్సీకి 2023 అక్టోబరులో గడువు తీరిపోయింది, ఇక లారీలు రావు అన్నాడు. రాడ్డు పట్టుకుని ఊపి చూశాను. అస్సలు ఆడలేదు. బుష్షు లోపల కొత్తదిలాగే ఉంది. 1,500 చెప్పాడు, 900కి ఇచ్చాడు. బేరం అంతా నా విరిగిన తమిళంలో, ఆయన విరిగిన తెలుగులో. త్రికోణపు అద్దాల రబ్బర్లు జత 350. సోలెక్స్ కార్బొరేటర్ కిట్ 650, దాని మీద ఒక్క రూపాయి తగ్గించలేదు. డబ్బు తీసుకున్నాక టీ తెప్పించాడు. ముందు టీ ఇస్తే బేరం చెడుతుందని ఆయన సిద్ధాంతం.

శుక్రవారం: సగ్గుబియ్యం కళ్లంలో

తాంబరం దాటాక పెరుంగళత్తూరు వస్తుంది. స్టాండర్డ్ మోటార్స్ ఫ్యాక్టరీ ఉండిన చోటు. హెరాల్డ్, దాని తర్వాత గెజెల్, చివరికి 1985లో స్టాండర్డ్ 2000 ఇక్కడి నుంచే వచ్చాయి. ఈ చివరి దాని కథ మా బావమరిదికి వినిపించడానికే బండి నెమ్మది చేశాను. రోవర్ ఎస్‌డి1 అనే సొగసైన బ్రిటిష్ కారు బాడీ తెచ్చి, అందులో తమ పాత వాన్‌గార్డ్ కారు కాలం నాటి రెండు లీటర్ల ఇంజిన్ పెట్టారు. చూపుకు దొర, నడకకు ఎద్దుబండి. ధర మాత్రం దొరదే. మూడేళ్లకే దుకాణం కట్టేశారు. “ఒక కారు ఇంజిన్ ఇంకో కారులో పెడితే ఏమవుతుందో కంపెనీ వాళ్లే చేసి చూపించారు” అన్నాను. “వాళ్లు మంచి బాడీలో పాత ఇంజిన్ పెట్టారు బావా, నేను పాత బాడీలో మంచి ఇంజిన్ పెడదామంటున్నా” అన్నాడు. నిజమే, పాయింటు ఉంది. టిండివనం దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఉలుందూరుపేట దగ్గర సేలం రోడ్డు ఎక్కాం. ఆత్తూరు చుట్టుపక్కల ఎటు చూసినా కర్రపెండలం తోటలే. రోడ్డు పనులు జరుగుతున్నాయని టీ కొట్టు ఆయన చూపించిన అడ్డదారి పట్టుకుని వెళ్తే, అది సరాసరి ఒక సగ్గుబియ్యం మిల్లు కళ్లంలోకి దారితీసింది. నేలంతా తెల్లగా ఆరబోసి ఉంది, కళ్లు తెరవలేనంత తెలుపు. వెనక్కి తిప్పుదామంటే బండి మిస్సింగ్ కొట్టడం మొదలుపెట్టింది. ఒక దెబ్బ కొడుతుంది, రెండు మింగుతుంది. ఆగింది.

కళ్లంలో కాళ్లతో సగ్గుబియ్యం తిరగేస్తున్న ఆడవాళ్లు ముందు నవ్వారు, తర్వాత కుండ నీళ్లు ఇచ్చారు. సూపర్‌వైజర్ ఎవరికో ఫోన్ చేశాడు. పావుగంటలో మోపెడ్ మీద ఒక మేస్త్రి దిగాడు. డెబ్భై దాటి ఉంటాయి. టూల్ బాక్సు లేదు, రేకు డబ్బా ఒకటి ఉంది. బండి మీద చెయ్యి కూడా వేయకుండా, “సెల్ఫ్ కొట్టు” అని సైగ చేశాడు. విన్నాడు. వేలితో డెల్కో వైపు, అంటే ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ వైపు చూపించాడు.

క్యాప్ విప్పితే లోపల పాయింట్లు. ఇంజిన్ తిరిగేటప్పుడు ఈ రెండు చిన్న లోహపు బొట్లు విడిపోయిన క్షణంలోనే కాయిల్ నుంచి ప్లగ్గుకు స్పార్కు వెళ్తుంది. వాటి మడమ రుద్దుకుని రుద్దుకుని అరిగితే మధ్య సందు మూసుకుపోతుంది, స్పార్కు చచ్చిపోతుంది. నేను కొత్త కండెన్సర్ పొట్లం చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఆయన వద్దని చేత్తో తోసేశాడు. డబ్బాలోంచి ఉప్పుకాగితం ముక్క తీసి రెండు పాయింట్లనూ నాలుగుసార్లు గీశాడు, గుడ్డతో తుడిచాడు. ఫ్యాన్ చేత్తో తిప్పి, క్యామ్ ఎత్తు మీదికి వచ్చేదాకా చూసి ఆపాడు. అప్పుడు జేబులోంచి ఒక పెళ్లి పత్రిక తీశాడు. ఎవరి పెళ్లో గానీ మంచి అట్ట. దాని మూల చింపి పాయింట్ల మధ్య పెట్టి, స్క్రూ బిగించి, లాగాడు. కాగితం కొంచెం పట్టుగా, కానీ చిరగకుండా వచ్చింది. క్యామ్ మీద అగ్గిపుల్లతో బొట్టంత గ్రీజు పెట్టి క్యాప్ వేశాడు.

నాకు ఊరికే ఉండబుద్ధి కాలేదు. మళ్లీ క్యాప్ విప్పి, సందు కొలిచే నా ఫీలర్ గేజ్ పెట్టి చూశాను. 0.45 మిల్లీమీటర్ల ఆకు కచ్చితంగా దూరింది. ఈ ఇంజిన్‌కు కావలసిందీ అంతే. ఆయన గేజ్ వంక చూసి ఏమీ అనలేదు. 300 అడిగి తీసుకున్నాడు, మోపెడ్ ఎక్కాడు.

“ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుంటే ఇది జరిగేదే కాదు” అన్నాడు బావమరిది. నిజమే, జరిగేది కాదు. కానీ ఆ ఎలక్ట్రానిక్ డబ్బీ గనక పోతే కళ్లంలో పెళ్లి పత్రికతో బాగుచేసేవాడు దొరకడు, లారీకి కట్టుకుని వెళ్లాలి. ఇదే వాడికి నేను మొదటి నుంచి చెప్తున్నది. ఈసారి వాడు ఎదురు చెప్పలేదు గానీ ఒప్పుకోనూ లేదు.

రాత్రికి సేలం. తట్టువడై సెట్ అని చెక్కల్లాంటి రెండు కరకర బిళ్లల మధ్య బీట్‌రూట్, క్యారెట్ తురుము, చట్నీ పెట్టిస్తారు. ప్లేటు 40. నిలబడి తినాలి, రెండో ప్లేటు ఎవరూ అడగకుండానే చేతిలో పెడతారు.

శనివారం: కోయంబత్తూరు

అవినాశి రోడ్డులోని జీడీ కార్ మ్యూజియం జి.డి.నాయుడు కుటుంబం వారిది. ఆయన 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో తెలుగు కుటుంబంలో పుట్టారు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య బస్సు నడిపి, తర్వాత మోటార్ల తయారీ దాకా వెళ్లారు. 1886 నాటి బెంజ్ మూడు చక్రాల బండి నమూనా దగ్గర బావమరిది చాలాసేపు నిలబడ్డాడు. నాకైతే నిజం చెప్పాలంటే, నేల మీద నూనె చుక్క కూడా లేకుండా మెరిసే కార్లు చూస్తే కాసేపటికే చెయ్యి ఊరుకోదు. మధ్యాహ్నానికి లేత్ వెతుక్కుంటూ బయటపడ్డాం.

మేస్త్రి గారు చెప్పిన వీధిలో ఆ పెద్దాయన లేరు, కొడుకు నడుపుతున్నారు. పంపు సెట్ల షాఫ్టుల పని నిండుగా ఉంది. మా మాటలు విని, “తెలుగోళ్లా?” అని పలకరించారు. ఇంట్లో వాళ్లదీ తెలుగే. మన తెలుగు కాదు, యాసంతా వేరు, కొన్ని మాటలు రెండుసార్లు వింటే గానీ అర్థం కాలేదు. అయినా పని కుదరదనబోయిన మనిషి స్టూలు వేసి కూర్చోబెట్టారు.

ఇక్కడ ఎవరూ ఎంతకిస్తారని అడగలేదు. ఆయన చేసిన మొదటి పని బండి కింద దూరడం. లేచి వచ్చి చెన్నై నమూనా పుల్లర్‌తో లాగించి, మైక్రోమీటర్‌తో మూడు చోట్ల కొలిచి, కాగితం మీద బొమ్మ గీశారు. తర్వాత నా బండి రాడ్డు కొలిచారు. రాడ్డు కూడా అరిగిందట, రెండు థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు రెండు. “నమూనా కొలతకే చేస్తే మళ్లీ ఆడుతుంది” అంటూ లోపలి బోరు కొలత కొట్టేసి కొత్తది రాశారు. నమూనా ఒక్కటే దొరికితే చాలనుకున్న మాకు ఇది తట్టనే లేదు.

గన్‌మెటల్ అంటే రాగి, తగరం కలిసిన లోహం. దాని రాడ్డు చక్‌కు బిగించి మెషిన్ వేశారు. ఉక్కు అయితే పొడుగ్గా చుట్టలు తిరుగుతూ వస్తుంది. గన్‌మెటల్ అలా కాదు, బెల్లం తురుములా పొడిపొడిగా రాలింది. పై కొలత అయ్యాక బోరు. చివరి కోత దగ్గర మెషిన్ ఆపి, ఆపి, రాడ్డు దూర్చి చూశారు. మొదట దూరలేదు. ఇంకొక్క కోత. ఈసారి నూనె రాసి తోస్తే బొటనవేలి బలానికి మెల్లగా లోపలికి వెళ్లి, వదిలితే అక్కడే నిలిచింది. ఆయన మాకేసి చూశారు. మూడు బుష్షుల సెట్టు, మెటల్‌తో కలిపి 1,200. ఇంకో సెట్టు కూడా చేయించుకున్నాను, అది 1,000. బిగించింది కూడా వాళ్లే, దానికి డబ్బు వద్దన్నారు గానీ కుర్రాడికి ఇస్తే కాదనలేదు.

ఆదివారం, సోమవారం: ఇంటి దారి

సేలం దాటాక తొప్పూరు ఘాట్. కిందికి దిగేవాళ్లకు పేరుమోసిన ప్రమాదాల చోటు, మాకు మాత్రం ఎక్కుడు. ముందు కంటెయినర్ లారీ పాకుతోంది. మూడో గేరులో ఊపిరాడని చోట లివర్ లాగితే రెండో గేరు ‘టక్’మని పడింది. కొండ ఎక్కేదాకా కావాలని నాలుగైదుసార్లు అటూ ఇటూ మార్చాను. బావమరిది స్టీరింగ్ అడిగాడు. కృష్ణగిరి దాకా వాడే నడిపాడు, 118ఎన్ఈ ఊసెత్తలేదు. రాత్రి చిత్తూరులో పడుకుని, పొద్దున్నే శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేటలో మళ్లీ హైవే ఎక్కాం.

గూడూరు దగ్గర టీకి ఆగితే, పంచె కట్టుకున్న ఆయన ఒకరు బండి చుట్టూ తిరిగి, కిటికీలోంచి లోపలికి చెయ్యి పెట్టి గేరు లివర్ ఊపి చూశారు. ఆడకపోయేసరికి ఆశ్చర్యపోయారు. ఆయన తోటలో షెడ్డు కింద తెల్ల ఫియెట్ ఉందట. ఇదే రోగంతో నాలుగేళ్లుగా రెండో గేరు రాక మూలన పడిందట. వెళ్లి చూశాం. టైర్లు పోయాయి, బండి అడుగు రేకు మాత్రం తుప్పు పట్టలేదు. రెండో సెట్టు ఆయనకిచ్చేశాను. 1,000 రూపాయలు ఇచ్చి, వద్దంటున్నా డిక్కీలో నిమ్మకాయల బస్తా ఒకటి వేయించారు. అయితే మా కొలత నా బండి రాడ్డుకు చేసింది, ఆయన రాడ్డు ఎంత అరిగిందో కొలవకుండా బిగించొద్దని చెప్పి, లేత్ ఆయన ఫోన్ నంబరు రాసిచ్చాను. ఆ బుష్షులు ఇంకా పొట్లంలోనే ఉన్నాయని నిన్న ఫోన్ చేశారు. రాడ్డు విప్పించి కోయంబత్తూరుకు కొరియర్ చేశారట.